సిరిమాను, తప్పెటగుళ్ళు, మా అత్తగారు: విజయనగరం, శ్రీకాకుళాల్లో ఏడు రోజులు

విజయనగరం స్టేషన్లో దిగి ప్లాట్‌ఫారం మీద పది అడుగులు వేశామో లేదో, మా అత్తగారి భాష మారిపోయింది. ముప్ఫయ్యేళ్ళుగా విజయవాడలో ఉంటూ మా అందరిలాగే మాట్లాడే మనిషి ఆటో అబ్బాయిని పట్టుకుని "ఏటి బాబూ, మూడు లాంతర్లకి ఎంత తీసుకుంతావ్?" అంది. అంతకుముందు నేనడిగితే మూడొందలు చెప్పినవాడు ఆవిడకి నూటయాభై అన్నాడు. పైగా "ఏ ఊరు పిన్నీ మీది?" అని కుశలప్రశ్న ఒకటి. మా ఆవిడ నాకేసి చూసి నవ్వింది. ఆ ఏడు రోజులూ బేరాలన్నీ అత్తగారికే వదిలేశాను.

ఆవిడది చీపురుపల్లి దగ్గర ఒక పల్లె. నలభయ్యేళ్ళ కిందట చూసిన పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం మళ్ళీ ఒక్కసారి చూడాలని కోరిక. నా కోరిక వేరు. గొల్లలు గుండెకి రేకు తప్పెట, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని పాడుతూ ఆడే తప్పెటగుళ్ళు నేను టీవీలోనూ, ప్రభుత్వ సభల్లో ముఖ్య అతిథి వచ్చేలోపు కాలక్షేపంగానూ తప్ప చూసింది లేదు. అవి పుట్టినచోట, ఎవరి కోసమైతే ఆడతారో వాళ్ళ మధ్య ఎలా ఉంటాయో చూడాలనిపించింది. సరే, దసరా తర్వాత వచ్చే మంగళవారం సిరిమాను కాబట్టి, దానికి రెండు రోజుల ముందు ఆదివారం దిగేలా టికెట్లు తీశాం.

ముందు బస సంగతి చెప్పేస్తాను. ఆర్టీసీ కాంప్లెక్స్‌కి దగ్గర్లో ఒక లాడ్జి ఆన్‌లైన్‌లో బుక్ చేశాను. రోజుకి పన్నెండొందలు, సగం డబ్బు ముందే కట్టాను. తీరా వెళ్తే కౌంటర్లో కూర్చున్నాయన "అది మామూలు రేటండి, ఇది పండగ" అన్నాడు. రెండువేల ఐదొందలు ఇస్తేనే గది. ఫోన్లో రసీదు చూపిస్తే "అది కంపెనీవోళ్ళతో చూసుకోండి" అని టీవీ వైపు తిరిగిపోయాడు. గంటసేపు వాదించి రెండువేలకి దిగాం. గది శుభ్రంగానే ఉంది, వేణ్ణీళ్ళు మాత్రం ఆరింటి నుంచి ఏడింటి దాకా మాత్రమే. పండక్కి వెళ్ళేవాళ్ళకి నా మాట: ఆన్‌లైన్‌ని నమ్ముకోకండి. నెల ముందు లాడ్జికే ఫోన్ చేసి, "సిరిమాను రోజుల్లో రేటెంత" అని ఆ మాట వాడి అడగండి. లేదా విశాఖలో ఉండి పొద్దున్నే రండి, అరవై కిలోమీటర్లే. కాకపోతే తొలేళ్ళ రాత్రి పోతుంది. అది పోగొట్టుకోకూడని రాత్రి.

తొలేళ్ళంటే సిరిమానుకి ముందురోజు, సోమవారం. పగలంతా ఊరు మామూలుగానే ఉంటుంది. మేం ఆ పూట కోట చూశాం. 1713లో కట్టిన కోట, ఇప్పుడు లోపల కాలేజీలు నడుస్తున్నాయి. సంగీత కళాశాల ముందు నుంచి నడిచి వెళ్ళాం. 1919లో మొదలైన ఆ కళాశాలకి ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్. ఘంటసాల చదువుకుంది ఇక్కడే. అత్తగారు గేటు దగ్గర ఆగి చెప్పులు విడిచి దణ్ణం పెట్టింది. "కోవెల కాదమ్మా" అంది మా ఆవిడ. "నాకు తెలుసులే" అంది ఆవిడ.

రాత్రయ్యేసరికి ఊరి నడకే మారిపోయింది. చుట్టుపక్కల పల్లెల నుంచి ట్రాక్టర్ల మీద, ఆటోల మీద, కాలినడకన జనం. పసుపు చీరలు, తలమీద ఘటాలు. పులివేషాలవాళ్ళు డప్పులతో వీధికొక జట్టు. సాముగరిడీల కుర్రాళ్ళు కర్రలు తిప్పుతుంటే చుట్టూ జనం వాళ్ళంతట వాళ్ళే గుండ్రంగా చోటిచ్చేస్తున్నారు. అర్ధరాత్రి దాటాక కోట దగ్గర పూజారి రైతులకి ధాన్యపు గింజలు ఇస్తారు. అవి తీసుకెళ్ళి తమ విత్తనాల్లో కలుపుకుంటే పంట బాగుంటుందని నమ్మకం. ఆ సంవత్సరం ఎలా ఉంటుందో అమ్మవారి మాటగా ఆయనే చెప్తారు. మా ముందు నిలబడ్డ ఒక ముసలాయన కండువా కొంగున నాలుగు గింజలు ముడివేసుకుని, ఆ ముడిని రెండుసార్లు తడిమి చూసుకుని, జనంలో కలిసిపోయాడు. మా ఆవిడ ఫోన్ ఎత్తబోయి ఆగింది.

మంగళవారం. సిరిమాను మధ్యాహ్నం మూడు గంటలకి గానీ కదలదు. కానీ పదకొండు దాటితే అమ్మవారి గుడి ఉన్న మూడు లాంతర్ల సెంటరు చుట్టుపక్కల కాలు పెట్టే చోటుండదు. మాకు అదృష్టం ఏమిటంటే, అత్తగారి పినతండ్రి కొడుక్కి ఆ వీధిలో బట్టలకొట్టు యజమాని స్నేహితుడు. ఆ కొట్టు మేడమీద పది కుటుంబాలతో పాటు మేమూ. అలాంటి చుట్టరికం లేనివాళ్ళు కోట వైపు రోడ్డులో పన్నెండు లోపు చోటు చూసుకోవాలి. పిల్లల్ని, ముసలివాళ్ళని ఆ తొక్కిడిలోకి తీసుకెళ్ళకండి. నీళ్ళ సీసా, టోపీ తప్పనిసరి. అక్టోబరు ఎండ కదా అని తేలిగ్గా తీసుకుని నేను మెడ కాల్చుకున్నాను.

సిరిమాను గురించి తెలియనివాళ్ళ కోసం: అది అరవై అడుగుల దాకా ఉండే చింతమాను. ఆ ఏడు ఏ చెట్టో అమ్మవారు పూజారికి కలలో చెబుతుందంటారు. చెట్టు ఎవరి దొడ్లో ఉంటే వాళ్ళు అడ్డు చెప్పకపోగా పండగ చేసుకుంటారు. దాన్ని కొట్టి, హుకుంపేట తెచ్చి, చెక్కి, బండికి బిగిస్తారు. మాను చివర కుర్చీ, కుర్చీలో పూజారి. కింద వేల చేతులు తాళ్ళు పట్టుకుని నడిపిస్తుంటే ఆయన ఆకాశంలో ఊగుతూ చదురుగుడి అనే ఆ అమ్మవారి గుడి నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్ళి వస్తారు. ఆ సేపు ఆయనే అమ్మవారు. జనం కింద నుంచి అరటిపళ్ళు విసురుతారు. ఒకటి మా మేడమీద పడింది. పక్కావిడ చటుక్కున తీసి కళ్ళకద్దుకుని పది ముక్కలు చేసింది.

అయితే నా కళ్ళు మాను కంటే మాను ముందు నడిచినవాటి మీదే ఎక్కువసేపు ఉన్నాయి. మొదట బెస్తవారి వల. పెద్దచెరువులోంచి అమ్మవారి విగ్రహం తీసినప్పుడు సాయపడింది బెస్తవాళ్ళు కాబట్టి, ఇప్పటికీ ఊరేగింపులో వాళ్ళ వల నడవాల్సిందే. తర్వాత పాలధార, అంజలి రథం, బండి మీద కట్టిన తెల్ల ఏనుగు. అంజలి రథంలో ఉండేది ఆడవేషం కట్టిన మగవాళ్ళు. ఎవరూ వాళ్ళని చూసి నవ్వరు, ఈల వేయరు. వల పట్టుకున్నవాళ్ళలో ఒకడు పాతికేళ్ళ కుర్రాడు, జీన్స్ ప్యాంటు, చెవిలో పోగు. వలని భుజం మీద ఎగేసుకుంటూ చుట్టూ ఉన్న మేడల్ని ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు. ఇదే వాడు ఏదైనా వేదికెక్కి ఉంటే మా అందరికేసి చెయ్యి ఊపేవాడే. ఇక్కడ చూపించడానికేం లేదు, వాడి ఇంటివాళ్ళ వంతు వాడు మోస్తున్నాడు.

ఈ కథకి మూలం 1757 నాటి బొబ్బిలి యుద్ధం. తమ్ముడో అన్నో అని నేను తికమక పడుతుంటే అత్తగారు సరిచేసింది. విజయనగరం రాజు విజయరామరాజు అన్న, పైడిమాంబ చెల్లెలు. యుద్ధం వద్దని చెల్లెలు బతిమాలింది, ఆయన వినలేదు. బొబ్బిలి కోట కూలింది, ఆడవాళ్ళూ పిల్లలూ కూడా ఎంతోమంది పోయారు. తర్వాత తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి విజయరామరాజుని చంపాడు. అన్నపోయిన కబురు విని చెల్లెలు పెద్దచెరువులో కలిసిపోయిందని, తర్వాత పతివాడ అప్పలస్వామినాయుడికి కలలో కనబడిందని ఇక్కడి కథ. గెలిచిన ఊరు రెండున్నర శతాబ్దాలుగా, యుద్ధం వద్దన్న ఆడపడుచుకి మొక్కుతోంది. అత్తగారు ఇదంతా చెప్పి, "అన్నలు వింతారేటి?" అని ముగించి బజ్జీల పొట్లం విప్పింది.

అదే సాయంత్రం ఒక మైదానంలో వేదిక మీద తప్పెటగుళ్ళు ఉన్నాయని తెలిసి పరిగెత్తాం. చెప్పకుండా ఉండలేను, ఉసూరుమన్నాను. జట్టుకి పది నిమిషాలిచ్చారు. సౌండ్ బాక్సుల్లోంచి గజ్జెల చప్పుడు తుప్పు పట్టిన మేకుల సంచీ దులిపినట్టుంది. మైకు గురువుగారి మెడకి చుట్టేసి ఉండటంతో ఆయన వంగలేకపోయారు, లేవలేకపోయారు. పాట అసలు పట్టుకునే సమయానికి యాంకరమ్మ "చప్పట్లు" అంది, శాలువాలు వచ్చాయి, అయిపోయింది. పక్కనే స్టాళ్ళలో సవర గిరిజనుల చిత్రాలు అమ్ముతున్నారు. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో సవరలు గీసుకునే బొమ్మలు, ఇప్పుడు గుడ్డ మీద, ఫ్రేములో. మనుషులు, చెట్లు, నెమళ్ళు, గుర్రాలు, అన్నీ ఒకే చట్రంలో కిక్కిరిసి. సవరల సీతంపేట 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది, ఈసారి వెళ్ళలేకపోయాం. చిన్నదొకటి కొన్నాను. ఇది మా హాల్లో సోఫా పైన ఏ దేవుడి కోసం ఉంటుందో ఆలోచించకుండా కొన్నానని తర్వాత అనిపించింది.

బుధవారం బొబ్బిలి. గజపతినగరం, రామభద్రపురం మీదుగా బస్సులో రెండు గంటలు. రైలు కూడా ఉంది కానీ వేళలు మాకు కుదరలేదు. బొబ్బిలిలో కోట, యుద్ధ స్తంభం, వేణుగోపాలస్వామి కోవెల చూసి పన్నెండింటికి గొల్లపల్లి చేరాం. బొబ్బిలి వీణ అనే మాట వినని తెలుగువాళ్ళుండరు, కానీ అది ఈ ఊళ్ళో సర్వసిద్ధి వారి చేతుల్లో ఉందని నాకు అక్కడికి వెళ్ళాకే తెలిసింది. భౌగోళిక గుర్తింపు ఉన్న వీణ. కుండ, దండి, తల విడివిడిగా చేసి అతికించరు, ఒకే పనస దుంగని తొలిచి తీస్తారు. అందుకే ఏకాండి అంటారు.

షెడ్డులో అడుగు పెట్టగానే పనసచెక్క వాసన. లేత పసుపు చెక్కపొట్టు చెప్పుల్లోకి దూరుతోంది. ఒకాయన కుండని కాళ్ళ మధ్య బిగించి లోపలి నుంచి ఉలితో తొలుస్తున్నాడు. రెండు దెబ్బలకోసారి ఆగి, బయటి నుంచి గోటితో తడతాడు, వింటాడు, మళ్ళీ తొలుస్తాడు. "ఎంత మందం ఉంచాలండీ?" అని అడిగాను. "కొలత లేదండి, చెక్క చెప్తాది" అన్నాడు. ఇంకో మూల ఇద్దరు ఆడవాళ్ళు వీణ చివర ఉండే యాళి అనే మృగం ముఖానికి రంగులు దిద్దుతున్నారు. ఇరవైనాలుగు మెట్లు నిలబెట్టడానికి మైనం, బొగ్గుపొడి కలిపిన నల్లటి ముద్ద. అది ఎక్కడ ఎక్కువైనా తక్కువైనా స్వరం తప్పుతుంది.

పెద్ద వీణలు కొనేవాళ్ళు ఎంతమంది అని అడిగితే ఆయన నవ్వి గోడవైపు చూపించాడు. అక్కడ వరసగా జానెడు, మూరెడు బొమ్మ వీణలు, అద్దాల పెట్టెల్లో. సన్మానాలకి, బదిలీ అయ్యే అధికారులకి, పెళ్ళిళ్ళకి ఇచ్చేవి. మోగవు. నేను మొహం కాస్త చిట్లించానేమో, "అవే బాబూ, మా అన్నం" అన్నాడు. ఆ మాటతో నా చిట్లింపు పోయింది. మోగని వీణలు అమ్ముడైతేనే మోగే వీణ నెలరోజులు నింపాదిగా తయారవుతుంది. మేం కూడా ఒక మోగనిది కొన్నాం, వెయ్యీ చిల్లర. భోజనానికి మాత్రం బొబ్బిలి బస్టాండు దగ్గరికే రావాలి, గొల్లపల్లిలో టీ తప్ప ఏమీ దొరకలేదు. ఆదివారాలు వెళ్ళకండి, పని ఉండదన్నారు.

గురువారం లాడ్జి ఖాళీ చేసి అత్తగారి ఊరికి బయలుదేరాం. ఈ యాత్రలో నాకు మిగిలింది ఇదే, కాబట్టి కాస్త సాగదీస్తాను.

చీపురుపల్లి నుంచి ఆటోలో అరగంట. ఊరి పేరు చెప్పను, అత్తగారి మాట అది. "పేరు రాసీసి, జనాలు ఎగబడి వస్తే, వాళ్ళకి కాఫీలెవరు పెడతారు?" అంది. బస ఆవిడ అన్నయ్యగారింట్లో. మంచి పెంకుటిల్లు, దొడ్లో బావి. మధ్యాహ్నం చోడంబలి, అంటే రాగి అంబలి, ఉల్లిపాయ, నంజుకోవడానికి నువ్వుల పొడి. రాత్రి ఆనపకాయ పులుసు. లాడ్జి పక్క హోటల్లో నాలుగు రోజులు తిన్న పన్నీర్ కూరకి ప్రాయశ్చిత్తం అయింది.

ఆ ఊరి గొల్లవీధిలో ఒకరికి మొక్కుంది. ఆవు ఈనక ఇబ్బంది పడి గట్టెక్కితే తప్పెటగుళ్ళు ఆడిస్తానని మొక్కుకున్నాడు. ఆవూ, దూడా క్షేమం. రాత్రి ఎనిమిదింటికి రామకోవెల ముందు చోటు. స్టేజీ లేదు, మైకు లేదు. స్తంభానికి ఒక లైటు. జనం ముందే చాపలు, గోనెసంచులు పరుచుకుని చోటు ఉంచుకున్నారు. మా అత్తగారికి పాతకాలపు స్నేహితురాలు ఒకావిడ ముందు వరసలో చాప పరిచి ఉంచింది.

ఆట మొదలవడానికి ముందు గురువుగారితో కాసేపు కూర్చోగలిగాను. అరవై దాటిన మనిషి, సన్నగా, కాళ్ళ పిక్కలు మాత్రం కొయ్యలా ఉన్నాయి. తప్పెట చేతికిచ్చారు. గుండ్రటి రేకు, అంచు లోపలికి మడిచి, తాడు వేసి ఉంది. మెడలో వేసుకుని గుండెకి ఆనేలా వెనక బిగించి కడతారు. ఆయన బనీను పక్కకి జరిగినప్పుడు రొమ్ము మధ్యలో నల్లగా కాయకాసిన మచ్చ కనబడింది, రేకు అంచు ఆనేచోట. నేను కట్టుకుని కొట్టి చూశాను. కిరసనాయిలు డబ్బా కొట్టినట్టుంది. పిల్లలు పడీపడీ నవ్వారు. ఆయన నవ్వకుండా అన్నారు: "సెయ్యితో కొడతన్నారు బాబూ మీరు. ముందు గజ్జె కొట్టాల. సెయ్యి దాని ఎనకాల దానంతటదే వస్తాది." చూపించారు కూడా. మడమ నేలకి తగిలింది, గజ్జె పలికింది, వేళ్ళు ఆ చప్పుడు వెనకాలే రేకు మీద పడ్డాయి. ఆ రెంటి మధ్య ఉన్న వెంట్రుకవాసి ఎడమే ఈ ఆట మొత్తం.

జట్టులో పన్నెండుమంది. పదహారుమంది ఉండాలట. అంచులకి జరీ కుట్టిన చెడ్డీలు, బనీన్లు, మోకాళ్ళ కింద నుంచి గజ్జెల వరసలు. గురువుగారు మధ్యలో నిలబడి వినాయకుణ్ణి, ఊరి అమ్మవారిని తలుచుకుని కృష్ణుడి కథ ఎత్తుకున్నారు. ఆయన ఒక చరణం, చుట్టూ ఉన్నవాళ్ళు వంత. మొదటి పావుగంట నడకలాగే ఉంది. నేను గడియారం చూసుకున్నాను కూడా. తర్వాత ఎక్కడ మారిందో తెలీదు, కాళ్ళు వేగమయ్యాయి. కూచుని లేచి, లేచి కూచుని, గొంతుక్కూచునే గుండ్రంగా తిరుగుతూ, పాట మాత్రం ఎక్కడా తెగలేదు. వేదిక మీద తుప్పు మేకుల్లా వినబడ్డ గజ్జెలు ఇక్కడ మట్టి మీద వాన పడ్డట్టున్నాయి. వానలు లేని ఏడు గొల్లలు వాన కోసం ఈ ఆట ఆడేవారని చదివాను. ఆ చప్పుడు విన్నాక ఎందుకో ఎవరూ వివరించక్కర్లేదు.

కథలో కృష్ణుడు వెన్న దొంగిలించే చోట గురువుగారు ముందు వరసలో ఉన్న ఒకాయన్ని చూపించి ఏదో అన్నారు, ఊరంతా ఘొల్లుమంది. నాకు అర్థం కాలేదు. అత్తగారి స్నేహితురాలు చెవిలో చెప్పింది: పాలకేంద్రంలో కొలతల గొడవ. కిందటి నెలది. అంటే ఊరి పంచాయితీ కూడా ఆ పాటలోనే తేలుతోంది. ఆ పెద్దమనిషి కూడా నవ్వక తప్పలేదు. చివర్లో మనిషి మీద మనిషి ఎక్కి మూడంతస్తులు నిలబడి, పైవాడు కూడా తప్పెట కొడుతూనే ఉన్నాడు. మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గోళ్ళ గుర్తులు మర్నాటికి పోయాయి.

ఆట పదకొండున్నరకి అయింది. మొక్కు తీర్చుకున్నాయన పంచె, డబ్బు ఇచ్చాడు. మిగతా ఇళ్ళవాళ్ళు కుంచెడో అరకుంచమో బియ్యం తెచ్చి గుడ్డ మీద పోశారు. నేను ఐదొందల నోటు ఇవ్వబోతే గురువుగారు అత్తగారి వైపు చూశారు. "మా అల్లుడే, తీసుకో అన్నా" అందాక తీసుకున్నారు.

మిగతా నలుగురి సంగతి అప్పుడే తెలిసింది. ఇద్దరు చెన్నైలో భవనాల పనిలో ఉన్నారు, ఒకడు హైదరాబాదులో, ఒకడు ఆటతో విసిగి మానేశాడు. హైదరాబాదులోనే ఉండే ఇంకో కుర్రాడు పండక్కి వచ్చి ఆ రాత్రి ఆడాడు, వాడితో కలిపే ఆ పన్నెండు. "మూడంతస్తులకి కిందోళ్ళు గట్టిగుండాల. ఇప్పుడు మేవే కిందోళ్ళం, మేవే ముసిలోళ్ళం" అన్నారు గురువుగారు. పద్యనాటకాలు ఆడేవాళ్ళకి కూడా ఇదే బాధా అని అడిగితే, "వాళ్ళకి పద్మశ్రీ వచ్చింది కదా" అన్నారు. సంతకవిటి మండలం మందరాడకి చెందిన యడ్ల గోపాలరావుగారి గురించి ఆ మాట. హరిశ్చంద్ర నాటకంలో నక్షత్రకుడి వేషంతో పేరు తెచ్చుకున్న ఆయనకి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ మాటలో ఈర్ష్య లేదు. మా పక్కూరాయనే అన్న గర్వమే వినబడింది.

శుక్రవారం చీపురుపల్లి నుంచి పాసింజరు బండిలో పొందూరు. ఖాదీ సంఘం ఉన్నది స్టేషన్ నుంచి ఆటో దూరంలోనే. 1949లో పెట్టిన సంఘం అది. వడికే ఆవిడ ఇంటికి తీసుకెళ్ళారు. కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వడం చూడాలని వెళ్ళినవాణ్ణి, కళ్ళారా చూశాను. అరచేతిలో పట్టేంత దవడ ఎముక, సన్నటి పళ్ళు. గింజ మీదున్న పీచుని దాంతో నిమిరితే నలక మొత్తం పళ్ళకి చిక్కి, పీచు పట్టులా మెరుస్తుంది. గింజ తీసి, విల్లుతో ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటిబోదె పొరలో దాస్తారు, దుమ్ము పడకుండా. ఒక చేప, ఒక విల్లు, ఒక అరటిచెట్టు, ఒక రాట్నం. మెషిను అనేదే లేదు. ఆవిడ నూలు తీస్తుంటే పోగు నాకు కనబడలేదు, ఆవిడ వేళ్ళ కదలిక బట్టి ఉందనుకున్నాను.

అక్కినేని నాగేశ్వరరావు కట్టిన పంచెలు ఇక్కడివేనని అందరూ చెప్తారు. నేను ఒకటి కొన్నాను. ధర విని మొదట ఉలిక్కిపడ్డాను, చేపదవడ గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. వడికే ఆవిడకి రోజంతా కూర్చుంటే ఎంత వస్తుందో అడిగాను. చెప్పింది. ఆ అంకె ఇక్కడ రాయను, ఆవిడ సొంత సంగతి. కూతుళ్ళిద్దరికీ రాట్నం నేర్పలేదని మాత్రం ఆవిడే చెప్పింది. ఇక్కడికి వెళ్ళేవాళ్ళు ముందు సంఘం ఆఫీసులో అడిగి వెళ్ళండి. ఇళ్ళలోకి కెమెరాతో దూరిపోకండి. పొద్దున పదింటికి ముందు వెళ్తే వడకడం చూడొచ్చు, మధ్యాహ్నం వంటపని.

సాయంత్రానికి శ్రీకాకుళం. లాడ్జి ఈసారి చాలా బాగుంది, చెప్పిన రేటే తీసుకున్నారు, అడక్కుండానే అత్తగారికి కింది అంతస్తు గది ఇచ్చారు. బుడితి అనే ఊళ్ళో ఉండే ఇత్తడి పనివాళ్ళ దగ్గరికి వెళ్ళే వేళ దాటిపోయింది. ఊళ్ళోనే ఒక కొట్లో బుడితిదని చెప్పి అమ్మిన చెంబు కొన్నాం. బరువు బట్టి నిజమే అనుకుంటున్నాం.

శనివారం అరసవల్లి, శ్రీకూర్మం. అరసవల్లిలో క్యూ త్వరగానే కదిలింది. శ్రీకూర్మం నాకు ఎక్కువ నచ్చింది. రెండు ధ్వజస్తంభాలు, పడమటి ముఖంగా కూర్మనాథుడు, పెరట్లో నక్షత్ర తాబేళ్ళు. ప్రాకార మండపం గోడల మీద పాత రంగుల బొమ్మలు, చాలాచోట్ల చెరిగి, చేతికందే ఎత్తులో పేర్లు గీకి ఉన్నాయి. ఫలానా ప్లస్ ఫలానా. గిడుగు రామమూర్తి పంతులుగారి ఊరు పర్వతాలపేట కూడా ఈ జిల్లాలోనిదే. సవరల భాష నేర్చుకుని వాళ్ళ కోసం పుస్తకాలు రాసిన మనిషి. నా సంచీలో ఉన్న సవర బొమ్మ అప్పుడు గుర్తొచ్చింది.

రాత్రి బండి శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో. ఆ స్టేషన్ ఆమదాలవలసలో ఉంటుంది, ఊరి నుంచి అరగంట పైమాటే, ఆటోకి ఆ లెక్క వేసుకోండి. ప్లాట్‌ఫారం మీద ఎవరో "మామ్మా" అని పిలిచారు. గురువారం రాత్రి మూడో అంతస్తులో నిలబడ్డ హైదరాబాదు కుర్రాడు. భుజాన బ్యాగు, బ్యాగుకి కట్టి గుడ్డలో చుట్టిన తప్పెట. సోమవారం పనిలోకి వెళ్ళాలి, జనరల్ బోగీ. "అక్కడ ఎక్కడ కొడతావురా ఇది?" అంది అత్తగారు. "కొట్టను మామ్మా. రూములో గోడకి తగిలిస్తాను. ఇంటికాడ ఉంటే చిన్నోడు వాయించి వొంచీసేడు" అన్నాడు.

అత్తగారు మా పులిహోర డబ్బాల్లో ఒకటి వాడి చేతిలో పెట్టింది. బండి రాగానే వాడు వెనక బోగీ వైపు పరిగెత్తాడు, బ్యాగు మీద రేకు టకటకమంటూ.